తుపాను వార్త వెనుక: డాక్టర్ పంచేటి కోటేశ్వరం

సాయంకాలపు వార్తల చివర వాతావరణ సూచన వినిపించును. బంగాళాఖాతములో వాయుగుండము ఫలానా చోట కేంద్రీకృతమై యున్నదనియు, అది వాయవ్యదిశగా కదలుచున్నదనియు, కోస్తా జిల్లాలలో కొన్నిచోట్ల భారీ వర్షములు కురియవచ్చుననియు రెండు మూడు వాక్యములలో చెప్పి ముగింతురు. చదివినవారి కంఠము మనకు పరిచితము. ఆ వాక్యములను వ్రాసినవారెవరో, ఏ సాధనములతో ఆకాశమును కొలిచి వ్రాసినారో మనము అడుగము. అడుగవలసిన అవసరము ఎక్కువగా ఉన్నవారు మాత్రము గుంటూరు, ప్రకాశం మైదానముల రైతులే. చిలకలూరిపేట వైపు కల్లములో మిరపకాయ ఆరబోసినవారికి, పర్చూరు నల్లరేగడిలో పత్తితీతకు కూలీలను మాట్లాడుకొన్నవారికి ఆ రెండు వాక్యములలో ఏడాది శ్రమ ఇమిడి యుండును. తడిసిన మిరప రంగు తప్పి తాలుగా మారును. విచ్చిన కాయలో తడిసిన పత్తికి తెలుపు తగ్గి, బేరము సగములో తెగును.

వాతావరణ శాస్త్రజ్ఞుడు తెర మరుగున ఉండక స్వయముగా జనుల యెదుటికి వచ్చి మాట్లాడుట ఇంగ్లండులో 1954 జనవరి 11వ తేదీన మొదలైనది. ఆ రాత్రి బి.బి.సి. టెలివిజన్‌లో జార్జి కౌలింగ్ అను ఉద్యోగి పటము ముందు నిలిచి, మరునాటి వాతావరణమును అయిదు నిమిషములలో వివరించినాడు. రేపు గాలి బాగుగా వీచును గనుక బట్టలు ఉతికి ఆరవేసికొనుటకు అనుకూలమైన దినమని ఆయన అన్న మాట ఆ దేశములో చిరకాలము నిలిచిపోయినది. మాట చిన్నదే. కాని అందులో ఒక మర్మము గలదు. ఆయన గాలివేగమును అంకెలలో చెప్పి ఊరకుండలేదు. ఆ గాలితో ఇల్లాలు ఏమి చేసికొనవచ్చునో చెప్పినాడు. బట్టలకు బదులు మిరపకాయలని అనుకొన్నచో ఆ మాట మన పలనాటి ఇంటికిని సరిపోవును.

మన దేశములో అట్టి మనిషి చాలకాలమువరకు కనబడలేదు. ఇక్కడి శాస్త్రజ్ఞులు ప్రకటనకర్తల వెనుకనే ఉండిపోయినారు. వారిలో ప్రపంచ వాతావరణశాస్త్ర గ్రంథములలో పేరు నిలిచిన తెలుగువాడొకడు ఉన్నాడు. ఆయన పంచేటి కోటేశ్వరం. 1915 మార్చి 25న నెల్లూరులో జన్మించినారు. నాడు కందుకూరు నెల్లూరు జిల్లాలోనిది. ఒంగోలు గుంటూరు జిల్లాలోనిది. ఈ రెంటిని, కర్నూలు జిల్లానుండి మార్కాపురమును కలిపి 1970లో క్రొత్త జిల్లాను ఏర్పరచి, 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టినారు. కనుక ఆయన పుట్టిన సీమకును మనము చెప్పుకొనుచున్న మైదానములకును నడుమ గీచిన గీతలు పాలకులు గీచినవే. తుపానుకు అవి తెలియవు. ఆయనకు పన్నెండేండ్ల ప్రాయమున, 1927లో, ఒక పెద్ద తుపాను నెల్లూరు తీరమును తాకినది. ఆ తరము పిల్లలకు సముద్రమునుండి వచ్చు గాలి పాఠ్యపుస్తకములోని విషయము కాదు.

ఆయన చదివిన శాస్త్రమునకు ఈ తీరమునందే ఒక జన్మకారణము గలదని చాలమంది ఎరుగరు. మొదట అనావృష్టి సంగతి. 1832–33లో, నందన నామ సంవత్సరమున, గుంటూరు సీమలో వచ్చిన కరువును డొక్కల కరువని పెద్దలు తరతరములుగా చెప్పుకొన్నారు. అయిదు లక్షల జనములో లక్షన్నర మొదలు రెండు లక్షలవరకు మరణించిరని నాటి లెక్కలు చెప్పుచున్నవి. అప్పటికి వానను ముందుగా ఊహించు శాఖ ఏదియు ప్రభుత్వమునకు లేదు. కార్తెలను నమ్ముకొన్న రైతు ఉండెను, పన్నును నమ్ముకొన్న కలెక్టరు ఉండెను. తరువాత అతివృష్టి సంగతి. 1864 అక్టోబరు 5న కలకత్తాను, నవంబరు 1న బందరును రెండు తుపానులు పాడుచేసినవి. బందరులో ఉప్పెన రాత్రివేళ పట్టణముమీదికి రాగా సుమారు 30,000 మంది చనిపోయిరి. ఒకే ఋతువులో రెండు రేవులు ఇట్లు నాశనమగుటయు, అటుపిమ్మట 1866లో, 1871లో వానలు తప్పుటయు చూచిన పిమ్మట ప్రభుత్వము 1875లో భారత వాతావరణ శాఖను స్థాపించి, హెన్రీ బ్లాన్‌ఫోర్డును దానికి అధిపతిని చేసినది. బందరు శవములమీద పుట్టిన శాఖ అనుట కొంత కటువుగా ఉండవచ్చును గాని అసత్యము కాదు.

ఆ శాఖలో తొలి డెబ్బది ఏండ్లలో గొప్పపనులు జరిగినవి. 1904 మొదలు 1924 వరకు అధిపతియైన సర్ గిల్బర్ట్ వాకర్ మన వానలకును, దూరపు పసిఫిక్ సముద్రముమీది వాయుపీడనమునకును గల సంబంధమును లెక్కలతో పట్టుకొన్నాడు. అయితే వాకర్ లెక్కలలో అధికభాగము నేలమీద కొలిచినవి. మన తలపై పదిమైళ్ల లోపల ఏమి జరుగుచున్నదో చూచుటకు నాడు గట్టి ఉపాయము లేదు. రబ్బరు బెలూనును వదలి, థియోడొలైటు అను దుర్భిణితో దాని గమనమును కనిపెట్టుచు గాలి వేగమును లెక్కించెడివారు. శీతకాలమున ఈ పద్ధతి బాగుగనే ఉండెను. ఆషాఢ శ్రావణములలో మాత్రము బెలూను కొద్దిసేపటికే మబ్బులో దూరి మాయమగును. మనకు అత్యంత ముఖ్యమైన నెలలలోనే పై ఆకాశము మనకు గ్రుడ్డిది.

రెండవ ప్రపంచ యుద్ధము ఈ స్థితిని మార్చినది. జపాను మీదికి ఎత్తున ఎగిరిన అమెరికా బాంబరు విమానములు పడమటినుండి వీచు ప్రచండవాయువులను ఎదుర్కొని, కొన్ని వేళల ముందునకు సాగలేకపోయినవి. ఆ గాలినదులకే తరువాత జెట్ ప్రవాహములను పేరు స్థిరపడినది. యుద్ధము ముగిసిన పిమ్మట రేడియో యంత్రములను కట్టిన బెలూనులు, రాడారులు వాతావరణ కేంద్రములకు వచ్చినవి. బెలూను మబ్బులో దాగినను దాని రేడియో పలుకుచునే యుండును. శ్రోతలు గమనింపవలెను: మనకు పాటలు, వార్తలు తెచ్చు విద్యయే పై ఆకాశపు వార్తను కూడ తెచ్చినది.

కోటేశ్వరం ఈ క్రొత్త సమాచారమును చేతబట్టిన తరమువారు. 1953లో ఆయన, ఇద్దరు సహచరులతో కలిసి, శీతకాలమున భారతదేశముమీదను బర్మామీదను పడమటినుండి వీచు జెట్ ప్రవాహమును వర్ణించినారు. అది ఉత్తరదేశపు సంగతి. ఆయనకు శాశ్వతకీర్తి తెచ్చినది 1958లో టెల్లస్ అను స్వీడను దేశపు పత్రికలో ప్రకటించిన వ్యాసము. వేసవి నడిమి నెలలలో, అనగా జూను మొదలు సెప్టెంబరు వరకు, భూమికి 14, 15 కిలోమీటర్ల ఎత్తున ఒక మహాప్రవాహము తూర్పునుండి పడమటికి పోవుచున్నదనియు, అది ఇండోచైనా వైపునుండి వచ్చి మన ద్వీపకల్పమును దాటి ఆఫ్రికా దిశగా సాగుచున్నదనియు ఆయన నిరూపించినారు. దాని వేగము గంటకు 120 మొదలు 180 కిలోమీటర్లవరకు ఉండును. ఉష్ణమండలములో జెట్ ప్రవాహము, అందును తూర్పునుండి వీచునది, ఉండగలదని అంతవరకు విద్వాంసులు అంతగా తలపలేదు. జెట్టులన్నియు చలిదేశములవని, పడమటివని ఒక నమ్మకము.

ఆ ప్రవాహపు నడిగీత చెన్నపట్నము, నెల్లూరు అక్షాంశములకు సమీపముననే పోవును. ఒంగోలు పట్టణము 15½ డిగ్రీల మీద నున్నది. కనుక శ్రావణమాసమున ఒంగోలు గిత్తను అరకకు కట్టి మెట్టచేలో పత్తి సాళ్ల నడుమ గుంటక తోలుచున్న రైతు తలకు తొమ్మిది మైళ్ల పైన ఈ గాలినది ప్రవహించుచుండును. నేలమీద వానికి తగులునది పడమటిగాలి. పైన పోవునది తూర్పుగాలి.

ఆ తూర్పుగాలి ఎందుకు పుట్టును? ఈ ప్రశ్నకు కోటేశ్వరం చెప్పిన సమాధానము నాకు ఆయన కనుగొన్న వస్తువుకంటె గొప్పదిగా తోచును. టిబెట్టు పీఠభూమి సగటున 15,000 అడుగుల యెత్తున నున్నది. వేసవి ఎండకు ఆ నేల కాగును. మైదానము కాగినచో నేలకు దగ్గరనున్న గాలి వేడెక్కును. టిబెట్టు కాగినచో నడిమి ఆకాశములో పొయ్యి పెట్టినట్లగును. ఆ వేడికి పై ఆకాశములో టిబెట్టుమీద పీడనము పెరుగును. దక్షిణమున సముద్రముమీది గాలి చల్లగా ఉండును. ఈ రెంటి భేదమునుండి, భూభ్రమణము చేత ప్రక్కకు త్రిప్పబడి, తూర్పుప్రవాహము పుట్టునని ఆయన వాదించినారు. తరువాతి పరిశోధకులు ఈ వాదమునకు సవరణలు చేసినారు. వాన కురియునప్పుడు మేఘములలో విడుదలయగు వేడికి కూడ పెద్దపాలు ఇచ్చినారు. కాని నైరృతి ఋతుపవనమును కేవలము సముద్రపుగాలి అని భావించు పద్ధతికి ఆ వ్యాసముతో కాలము చెల్లినది. ఋతుపవనమునకు క్రింది అంతస్తు ఒకటి, పై అంతస్తు ఒకటి గలవు. పై ప్రవాహము బలహీనముగా నున్న ఏండ్లలో దేశమున వానలు తగ్గుట తరువాత అనేక పర్యాయములు గమనింపబడినది. డొక్కల కరువునాడు తలపైన గాలి ఎట్లుండెనో కొలిచినవాడు లేడు.

ఇక తుపానుల విషయము. గుంటూరు, ప్రకాశం రైతు ఒక విచిత్రమును తన అనుభవముచేత ఎరుగును. వానలు అధికముగా కురియు జూలై, ఆగస్టు నెలలలో మన తీరమునకు పెద్ద తుపాను రాదు. ఎండలు మండు మే నెలలోనో, అక్టోబరు మొదలు డిసెంబరు వరకు గల నెలలలోనో వచ్చును. సముద్రము జూలైలో చల్లబడి తుపాను పుట్టకుండునా యన్నచో కాదు. అప్పుడును వెచ్చగనే యుండును. కారణము పైనున్నది. తుపాను ఒక నిలువు స్తంభము. పొగాకు బ్యారనుమీది పొగగొట్టమువలె దాని వేడి నిట్టనిలువుగా పైకి పోవలెను. ఋతుపవనకాలమున క్రింద పడమటిగాలి, పైన తూర్పు జెట్టు ఆ స్తంభమును రెండు వైపులకు లాగును. లాగబడిన స్తంభము వాయుగుండముగా మారి ఒరిస్సా, బెంగాలు వైపు వాన కురిపించి పోవును గాని పెనుతుపాను కానేరదు. ఆ వాయుగుండములు పుట్టు విధమును గూర్చి కోటేశ్వరం 1958లోనే జార్జి అను సహచరునితో కలిసి వ్రాసిన వ్యాసమును విద్యార్థులు నేటికిని చదువుచున్నారు. సెప్టెంబరు దాటి పై జెట్టు సడలిపోగానే అడ్డు తొలగును. సరిగా ఆ కాలముననే మన చేలలో పత్తి విచ్చును, మిరపతోట పూతకు వచ్చును. తెలియక వచ్చిన కష్టము కాదిది. పంచాంగములో వ్రాసినంత నియతమైన కష్టము.

1969లో కోటేశ్వరం భారత వాతావరణ శాఖకు అధిపతి అయినారు. 1975 వరకు ఆ పదవిలో నున్నారు. ఆయన పదవీకాలపు మొదటి యేడే ఆంధ్రతీరమును పరీక్షించినది. ఆ మే నెలలో వచ్చిన తుపాను కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలలో ఆరువందలకు పైగా ప్రాణములను తీసికొన్నది. అంతట ఆంధ్రప్రదేశ్‌కు తుపాను బాధానివారణ సంఘము ఏర్పడినది. దేశములో ఇట్టి సంఘములలో ఇదియే మొదటిది. వార్త ఏ మార్గమున తీరగ్రామమునకు చేరవలెను, ఎన్ని గంటల ముందు చేరవలెను, ఎవరు ఎవరికి చెప్పవలెను అనునవి దాని పరిశీలనాంశములు. 1970లో విశాఖపట్టణమున తుపానులను పసిగట్టు రాడారు నెలకొన్నది. 48 గంటల ముందు ఒక సూచన, 24 గంటల ముందు గట్టి హెచ్చరిక ఇచ్చు రెండంచెల పద్ధతి స్థిరపడినది. జెట్ ప్రవాహమును కనుగొన్న మనిషి పోస్టాఫీసు తీగెలను, తాలూకా కచేరీ టెలిఫోనులను గూర్చి ఆలోచింపవలసి వచ్చిన కాలమది. ప్రపంచ వాతావరణ సంస్థ ఉపాధ్యక్షులలో ఒకరుగా ఆయన ఎన్నికైనారు. 1975లో ప్రభుత్వము పద్మభూషణ బిరుదముతో సత్కరించినది.

ఈ సందర్భమున రేవుల కేతనములను గూర్చి ఒక మాట. బందరు, నిజాంపట్టణము వంటి రేవులలో ఒకటి మొదలు పదకొండు వరకు సంఖ్యలుగల ప్రమాదసూచికలను ఎగురవేయుట పాత ఆచారము. పగలు ఆకారములచేత, రాత్రి దీపములచేత వాటిని చూపెదరు. పదవది మహాప్రమాదమునకు గుర్తు అని జాలరి పిల్లవానికి కూడ తెలియును. పదకొండవదాని అర్థము తెలిసినవారు తక్కువ. అది పదవదానికంటె పెద్దతుపాను కాదు. వాతావరణ కేంద్రముతో తీగె తెగిపోయినది, ఇక మాకు వార్త రాదు, ప్రమాదము రాగలదని మేమే తలచుచున్నాము అని దాని భావము. సూచికలను కల్పించినవారు, సమాచారము తెగిపోవుటను తుపాను తీవ్రతకు పై మెట్టున నిలిపినారు.

1977 నవంబరు 19వ తేదీన అదియే జరిగినది. అంతకు వారము ముందే, 12వ తేదీన, ఇంకొక తుపాను తమిళనాడులో నాగపట్టణము వద్ద తీరము దాటి యుండెను. రెండవది ఆగ్నేయ బంగాళాఖాతములో పుట్టి, పడమరకు వచ్చి, ఉత్తరమునకు మరలి, 19వ తేదీ సాయంకాలము చీరాల సమీపమున భూమిని తాకినది. చీరాల నాడు ప్రకాశం జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ నుండి బాపట్ల జిల్లాలోనిది. హెచ్చరికలు లేవని చెప్పుట న్యాయము కాదు. అవి ఆకాశవాణిలో వినిపించినవి, తీగెలమీద పోయినవి. కాని మరణములలో అత్యధికభాగము చీరాలలో కాదు, అచ్చటికి తూర్పున అరువది, డెబ్బది కిలోమీటర్ల దూరముననున్న దివిసీమలో సంభవించినవి. రేపల్లె తాలూకా తీరగ్రామములును నష్టపోయినవి.

దీనికి శాస్త్రీయమైన కారణము సులభమే. మన అర్ధగోళములో తుపాను గాలి అపసవ్యముగా, గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగును. కనుక ఉత్తరాభిముఖముగా వచ్చి తీరము దాటు తుపానుకు కుడివైపున, అనగా తూర్పున, గాలి సముద్రమును నేలమీదికి త్రోయును. ఎడమవైపున నేలనుండి సముద్రములోనికి త్రోయును. కన్ను దాటునది ఒకచోట, నీరు లేచునది మరియొకచోట. దివిసీమ అంచున సముద్రము నిస్సారమైనది, నేల పల్లము. నీరు సుమారు అయిదు మీటర్ల యెత్తున గోడవలె లేచి మైళ్ల కొలది లోనికి వచ్చినది. పదివేలమంది మరణించిరని ప్రభుత్వపు లెక్క. ఇంకను ఎక్కువని చెప్పినవారు పలువురు. ఉప్పెన యెత్తును గణితముచేత ముందుగా లెక్కించు పద్ధతిని పి.కె. దాస్ 1972లో ప్రకటించియుండినను, అది కచేరీలో ప్రతిదినము వాడు సాధనముగా నాటికి రూపొందలేదు. గాలి ఎంత వేగముతో వీచునో విన్న గ్రామస్థుడు గట్టి ఇంటిలో కూర్చుండవలెనని తలచును. నీరు వచ్చునని విన్నవాడు మాత్రమే ఊరు విడుచును.

కోటేశ్వరం పదవీ విరమణ చేసి అప్పటికి రెండేండ్లు. ఆయన పరిశోధనకు, ఆయన కాలపు రాడారునకు, సంఘమునకు ఈ దుర్ఘటన వ్యతిరేకసాక్ష్యమని కొందరు అనవచ్చును. నేను అట్లు తలపను. తుపాను వచ్చునని తెలియక జనులు చనిపోలేదు. తెలిసినదానిని, తెలియవలసినవానికి, వాని మాటలో, వాని సమయములో చెప్పు వ్యవస్థ సగములో నిలిచిపోయినందున చనిపోయిరి. ఇంకొక విధివైపరీత్యము గలదు. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ఆ అక్టోబరులోనే, తుపానుకు నెలదినముల లోపల, ప్రసారములు ప్రారంభించినది. దాని తరంగములు రాజధాని పరిసరములు దాటి తీరమునకు చేరునవి కావు. తీరమున రేడియోయే దిక్కు. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1 నుండి పలుకుచున్నది. అంతకు పూర్వము, 1945 నుండియే, రైతుల కొరకు ప్రత్యేక వాతావరణ సూచనలు దేశములో ఆకాశవాణి ద్వారా వెలువడుచుండెను. కరెంటు తీగెలు పడిపోయిన సాయంకాలమున గోడప్లగ్గుమీద నడుచు రేడియో మూగవోవును. బ్యాటరీమీద నడుచు ట్రాన్సిస్టరు ఉన్న ఇల్లు మాత్రమే వినగలదు.

అటుపిమ్మటి పదేండ్లలో జరిగిన మార్పు శీఘ్రమైనది. తీరమున తుపాను రక్షణ భవనములు లేచినవి. బందరునకు కూడ రాడారు వచ్చినది. 1983లో ఇన్సాట్–1బి ఉపగ్రహము ఆకాశమున నిలిచి మేఘముల చిత్రములను పంపసాగినది. అవి టెలివిజన్ తెరపైకి వచ్చిన తరువాత, తెల్లని సుడి ఒకటి నల్లని కడలిపై తిరుగుచు మన తీరమువైపు జరుగుటను సామాన్యులు కన్నులార చూచిరి. వాయుగుండమను మాటకు అప్పటికి గాని రూపము రాలేదు. నా అభిప్రాయమున ఇంతకంటె ముఖ్యమైనది, ఎవరును అంతగా చెప్పుకొననిది, మరియొక యంత్రము. ఆ దశకపు నడుమ ఉత్తర తమిళనాడు, దక్షిణాంధ్ర తీరములందలి కచేరీలలో చిన్న గ్రాహకయంత్రములను ఉంచినారు. మద్రాసులోని తుపాను హెచ్చరిక కేంద్రము ఏ జిల్లాకు చెప్పదలచిన ఆ జిల్లా యంత్రమును మాత్రమే ఉపగ్రహము ద్వారా తట్టి లేపగలదు. మొదట సైరను మ్రోగును. పిదప స్థానిక భాషలో హెచ్చరిక వినబడును. తీగె లేదు గనుక గాలికి తెగదు. అర్ధరాత్రి నిద్రించుచున్న కచేరీలో ఎవరును మీట నొక్కనక్కరలేకయే, వాతావరణ కేంద్రపు మాట నేరుగా, తెలుగులో, వినిపించును. మన దేశపు జార్జి కౌలింగ్ ముఖము లేనివాడు, ఇనుపపెట్టెలోని కంఠము.

1990 మే 9న దాని విలువ తెలిసినది. 1977నాటిదానితో పోల్చదగిన బలముగల తుపాను కృష్ణా ముఖద్వారము వద్ద తీరము దాటినది. రాడారులు, ఉపగ్రహము దానిని ముందుగనే కనిపెట్టినవి, హెచ్చరికలు చేరినవి, లక్షల జనమును పల్లములనుండి తరలించినారు. మరణించినవారు 967 మంది. ఆ సంఖ్య చిన్నదని ఎవరును అనజాలరు. పదమూడేండ్ల క్రిందటి సంఖ్య ప్రక్కన దానిని వ్రాసి చూడవలెను.

కోటేశ్వరం 1997లో గతించినారు. ఆయన పేరుతో వాతావరణ సూచన ఏనాడును రేడియోలో వినిపించి యుండలేదు. టెలివిజన్ తెరమీద ఆయన పటము ముందు నిలిచిన దృశ్యము జనుల జ్ఞాపకములో లేదు. వేసవి ఋతుపవనమును గూర్చి ఏ భాషలో ఏ గ్రంథము వ్రాసినను, తూర్పు జెట్ ప్రవాహము దగ్గరికి వచ్చుసరికి 1958 అను సంవత్సరము, ఈ నెల్లూరు పేరు తప్పక వచ్చును. ఆయన అనంతరము 1999 ఒరిస్సా పెనుతుపాను పిమ్మట రెండంచెల హెచ్చరిక నాలుగంచెలకు పెరిగినది. తీరము దాటిన తరువాత లోపలి జిల్లాలలో ఏమగునో చెప్పు అంచె అందులో నాలుగవది. పత్తి, మిరప పండు మెట్టప్రాంతములకు పనికివచ్చునది ప్రధానముగా ఆ నాలుగవదే.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను మధ్యాహ్నవేళ బాపట్లకు దక్షిణమున తీరము దాటినది. నెల్లూరునకు, బందరునకు నడుమ దాటునని వాతావరణ శాఖ దినముల ముందే చెప్పియుండెను. నిజాంపట్టణమున పదవ సంఖ్య సూచికను ఎగురవేసినారు. జనులను సకాలమున తరలించినారు. 1977లో కన్ను దాటిన చీరాలకు ఇది అతిసమీపము; ప్రాణనష్టమున రెంటికి పోలిక లేదు. పైరుల సంగతి వేరు. మనుష్యులు లారీ ఎక్కి పోగలరు. కాయమీదనున్న మిరపతోట పోలేదు. గుంటూరు, బాపట్ల, పలనాడు, ప్రకాశం జిల్లాలలో వరి పడిపోయినది, పొగాకు మొక్క నీట మునిగినది, విచ్చిన పత్తి చెట్టుమీదనే తడిసినది. సూచన విని రెండు దినముల ముందు తీత ముగించిన చేలలో పత్తి ఇంటికి చేరినది. కూలీలు దొరకని చేలలో చేరలేదు. మిరపచేలలో నీరు తీయుటకు కాలువలు త్రవ్వినవారి మొక్కలు కొన్ని నిలిచినవి. నీరు నిలిచిన నల్లరేగడిలో వేరు కుళ్లి, తెగులు పట్టి, పీకివేయవలసి వచ్చినది. ఆ చేలలో కొందరు సంక్రాంతికి ముందే శనగ చల్లినారు.